ఊఁ కొట్టే కొలువు

ఆఫీసులో ఆవిడని అందరూ బ్రాకెట్టమ్మ అనేవారు. ఎదురుగానూ అదే పేరు, చాటుగానూ అదే పేరు. రెండుచోట్లా ఒకే పేరుతో పిలిపించుకునే యోగం ఎంతమందికి పడుతుంది?

ఆ పేరు ఊరికే రాలేదు. ప్రోగ్రాములు మనుషులే రాసుకునే రోజుల్లో, టీ కప్పు పట్టుకుని అటుగా వెళుతూ ఎవరి తెర మీదకో ఒక్క చూపు విసిరి, "నాయనా, కింద ఆ బ్రాకెట్టు మూయలేదు, చలిగాలి కొడుతోంది" అని సాగిపోయేది. ఆ నాయన పొద్దున్నుంచీ అక్కడే తల బాదుకుంటూ ఉండేవాడు. ఆవిడ టీ చల్లారకముందే అతని ప్రోగ్రాము లేచి నడిచేది. తిట్టాలో దణ్ణం పెట్టాలో తెలియక చివరికి పేరు పెట్టి ఊరుకున్నాడు.

ఈమధ్య ఆవిడ ఎవరి వెనకా నిలబడటం లేదు. అదెందుకో చెప్పాలంటే ముందు పిన్ని సంగతి చెప్పాలి.

అమ్మానాన్నలిద్దరివీ షిఫ్టు ఉద్యోగాలు కావడంతో బ్రాకెట్టమ్మ బాల్యమంతా పిన్ని ఇంట్లో గడిచింది. ఆ ఇంట్లో పిన్నికో అత్తగారు. ఆవిడ కంటికి ప్రపంచంలో శుభ్రంగా ఉన్నదంటూ ఏదీ లేదు. కడిగిన గిన్నె మళ్ళీ కడగమనేది, తుడిచిన నేల మళ్ళీ తుడవమనేది, స్నానం చేసొచ్చిన పిల్లని చెవి వెనక చూసి మళ్ళీ స్నానానికి తోలేది. ఇంకోసారీ తోలేది. మూడోసారి కూడా తోలబోతే అప్పుడు ఎక్కణ్ణించో పిన్ని ఊడిపడేది. ఎవరూ పిలిచేవారు కాదు. "చాల్లెండి అత్తయ్యా, ఇంకా తోమితే పిల్ల అరిగిపోతుంది. ఇక వదిలెయ్యండి" అని పిల్ల చెయ్యి పట్టుకుని లాక్కుపోయేది.

పిన్ని మధ్యాహ్నాలు బట్టలు మడతపెడుతూ కథలు చెప్పేది. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగిపోతుంది. కానీ పిల్లలు నిద్రలో కూడా ఊఁ కొట్టగల ఘటాలని పిన్నికి తెలుసు. అందుకని మధ్యలో ఒక కంత తవ్వి పెట్టేది.

"రాజుగారు గుర్రం ఎక్కారు."

"ఊఁ."

"కత్తి దూశారు."

"ఊఁ."

"తల తీసి జేబులో పెట్టుకుని అడవికి బయల్దేరారు."

"ఊఁ."

ఠంగుమని నెత్తి మీద మొట్టికాయ. "ఏమే, తల జేబులో పెట్టుకుంటే కిరీటం ఎక్కడ పెట్టుకున్నాడే?"

అలా మొట్టికాయలు తిని పెరిగిన తల కాబట్టే మూయని బ్రాకెట్టు కనిపించగానే ఉలిక్కిపడేది. కాలేజీలో ఆవిడకి నేర్పింది ఎవరైనా, అసలు చదువు అదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడకి అప్పగించిన పెద్ద పని ఒక ఆస్పత్రి లాండ్రీకి ప్రోగ్రాము రాయడం. దుప్పట్ల మూటలు ఏ యంత్రంలోకి వెళ్ళాలి, ఎన్నిసార్లు ఉతకాలి, ఎప్పుడు ఆరబెట్టాలి, అన్నీ అదే తేల్చాలి. అందులో ఒక్కో పనికి ఒక్కో ముక్క రాయాలి, ముక్కకో పేరు పెట్టాలి. పేర్ల కోసం ఇంగ్లిషు నిఘంటువు తిరగెయ్యడానికి బద్ధకం వేసి, బ్రాకెట్టమ్మ చుట్టాల పేర్లు పెట్టేసింది. ఉతికొచ్చిన దుప్పటిని కెమెరా కన్నుతో చూసి, మరక కనిపిస్తే మళ్ళీ ఉతకమనే ముక్క పేరు 'అత్త'. ఒకే మూట మూడోసారి వెనక్కొస్తే, ఆ మరక ఇక పోయేది కాదని తేల్చి, ఎవరూ పిలవకుండానే వచ్చి దుప్పటిని ఆరబెట్టడానికి పంపేసే ముక్క పేరు 'పిన్ని'. పని అందిందని కబురు చెప్పేది 'అక్క'. సాయంత్రం అన్నీ ఆపేసి ఇంటికి పొమ్మనేది 'బాబాయి'. ఈ చుట్టాలందరూ ఇంగ్లిషు అక్షరాల్లో కూర్చుని, ఆస్పత్రి నేలమాళిగలో ఏళ్ళ తరబడి కాపురం చేశారు. ఒక్కనాడూ గొడవ రాలేదు.

తర్వాత ఆఫీసులోకి కృత్రిమ మేధ వచ్చింది.

ఆఫీసువాళ్ళు దానికి 'కొత్తల్లుడు' అని పేరు పెట్టారు. మాట మహా మర్యాద. అడిగిందానికి ఎప్పుడూ తెలియదనడు. ఏమన్నా ఎదురు చెప్పకూడదు, చెప్పినా నొచ్చుకోడు, "మీరు చెప్పింది నిజమే, క్షమించండి" అని ఇంకో తప్పు చెబుతాడు. ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని నిలబడితే తను కుర్చీలో కాలు మీద కాలేసుకుని పనంతా చేసినట్టు కనిపిస్తాడు. నిజానికి చాలా పని చేస్తాడు కూడా. ఆ మాట ఒప్పుకోవాలి.

బ్రాకెట్టమ్మ మొదట్లో చిన్న చిన్న విషయాలే అడిగేది. తర్వాత మధ్యరకంవి. ఆ తర్వాత అడగడం మానేసి, అతను చెప్పేది వినడం మొదలుపెట్టింది. "ఇలా మార్చమంటారా?" అంటాడు. ఆవిడ వేలు కదుపుతుంది. ఆ వేలు కదపడమే ఊఁ. రోజుకి లెక్కలేనన్ని ఊఁలు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే స్థితి. గంగిరెద్దుకైనా మధ్యలో విసుగేసి తల అడ్డంగా ఊపాలనిపిస్తుందేమో గానీ ఆవిడకి అనిపించేది కాదు.

ఆఫీసుతో ఆగితే బాగుండేది. ఒకరోజు మొగుడితో పోట్లాట అయింది. ఆయన కారు తోలడం నేర్పే మేష్టారు. తప్పు తనదేనని బ్రాకెట్టమ్మకి తెలుసు. ఆఫీసు నుంచి క్షమాపణ పంపుదామనుకుని, మాటలు వెతుక్కునే ఓపిక లేక అల్లుణ్ణి అడిగింది. అతను రాసిచ్చాడు. ఆవిడ పంపేసింది. సాయంత్రం మేష్టారు తలుపు తీయగానే ఫోను ఎత్తి చదివాడు.

"'మొదటగా, మీ భావాలను నేను గౌరవిస్తున్నాను. రెండవదిగా, మన మధ్య సంభాషణా లోపం ఏర్పడినట్లు గుర్తించాను.' ఏమోయ్, నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నావా ఏంటి?"

"సారీ చెప్పానుగా. ఎలా చెబితే ఏం?"

"నువ్వు చెబితే 'సరేలెండి, ఏడవకండి' అంటావ్. అదే నీ సారీ. పాతికేళ్ళుగా దానికి అలవాటు పడ్డాను. వీడెవడో మధ్యలో!" అని, చెప్పులు విప్పుతున్న ఆవిణ్ణి చూసి నవ్వాడు. "నా కారులో నా కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకుంటుంది చూడు. కొంతమంది నెలల తరబడి నా బ్రేకు మీదే తోలి, 'మేష్టారూ, నాకు వచ్చేసింది' అంటారు. నీకూ వచ్చేసిందే."

"మీ చెల్లెలింటికి వెళ్ళాలంటే ఫోనులో అమ్మాయి కుడి, ఎడమ చెబితే గానీ సందు దొరకదు మీకు. ఆవిడుండేది మన వెనక వీధిలో. నాకు చెబుతున్నారు."

"అది వేరు" అన్నాడు మేష్టారు.

"ఏం వేరు?"

"ఆ అమ్మాయి గొంతు బాగుంటుంది."

నవ్వేసుకున్నారు గానీ ఆ బ్రేకు మాట బ్రాకెట్టమ్మకి గుచ్చుకుంది. మర్నాడు స్నానాల గదిలో ఆవిరి పట్టిన అద్దం మీద వేలితో ఒక చిన్న ప్రోగ్రాము రాయబోయింది. అంకెల్ని వరసలో పెట్టేది. ఒకప్పుడు నిద్రలో లేపి అడిగినా రాసేది. సగం దాకా వచ్చింది. తర్వాత ఏముండాలో తెలియలేదు. తెలియకపోవడం కూడా కాదు, అక్కడ ఎవరో వచ్చి మిగతాది పూర్తిచేస్తారని వేలు ఎదురుచూస్తున్నట్టు ఆగిపోయింది. ఈలోపు ఆవిరి ఆరి, ఉన్న సగమూ పోయింది. అద్దంలో మొహం మాత్రం మిగిలింది. లోపల తల ఉందా, ఎక్కడైనా పెట్టి మర్చిపోయానా అని ఆవిడకి నిజంగానే భయం వేసింది. ఎవరికీ చెప్పలేదు. టీ కప్పుతో ఎవరి వెనకా నిలబడకపోవడం అప్పట్నుంచే. నిలబడి ఏమీ కనిపించకపోతే?

అలాంటి రోజుల్లో ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. దుప్పట్లు లాండ్రీలోకి వెళుతున్నాయి గానీ బయటికి రావడం లేదట. రేపటి ఆపరేషన్లకి పరచడానికి ఒక్కటీ లేదట.

మేనేజరు ఆవిణ్ణి పిలిచాడు. ఆవిడ ఉద్యోగంలో చేరేనాటికి అతనింకా పలక పట్టి ఉండడు. "మేడమ్, ఆ ప్రోగ్రామ్ తెలిసినవాళ్ళు మీరొక్కరే మిగిలారు. వెళ్ళొచ్చెయ్యండి. అల్లుడున్నాడుగా, ఎంతసేపు?"

లాండ్రీ ఆస్పత్రి కింద, రెండు అంతస్తుల లోతున ఉంది. మెట్లు దిగుతుంటే ఫోనులో సిగ్నలు ఒక్కో గీతే తగ్గుతూ వచ్చి, కిందికి చేరేసరికి పూర్తిగా చచ్చిపోయింది. అక్కడి కంప్యూటరుకి బయటి ప్రపంచంతో సంబంధమే లేదు. రోగుల వివరాలు ఎక్కడ బయటికి పోతాయోనని ఆస్పత్రివాళ్ళు తీగలు పీకేశారు. అల్లుడు మెట్ల పైనే ఆగిపోయాడు.

లాండ్రీ ఇన్‌ఛార్జి నిండైన మనిషి. చేతులు మోచేతుల దాకా తడి, నోరు ఎప్పుడూ పొడి కాదు.

"మీరేనా ప్రోగ్రామమ్మ? రండి రండి. పొద్దున మీ మేనేజర్ని ఫోనులో ఉతికి ఆరేశానులెండి. ఇక్కడ ఉతకడమే గానీ ఆరేయడం లేదు, కనీసం ఆయన్నైనా ఆరేద్దామని."

"అసలేం జరుగుతోందండీ?"

"ఉతికిందే ఉతుకుతోంది. తెల్లగా మెరిసిపోతుంటే మళ్ళీ లోపలికి లాక్కుంటోంది. ఇదిగో చూడండి." ఒక దుప్పటి ఎత్తి దీపానికి అడ్డంగా పట్టుకుంది. అవతల నిలబడ్డ మనిషి మొహం గుర్తుపట్టేంత పలచగా ఉంది. "ఇవి మొన్న కొన్న దుప్పట్లు. ఇంకోసారి ఉతికితే రోగికి కప్పినా ఒకటే, కప్పకపోయినా ఒకటే."

దుప్పటి మూల నీలంరంగులో ఆస్పత్రి ముద్ర ఉంది. పాతవాటికి ముద్ర ఉండేది కాదని ఇన్‌ఛార్జి చెప్పింది. 'అత్త' ఆ ముద్రని మరక అనుకుంటోందని బ్రాకెట్టమ్మకి వెంటనే తట్టింది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆపాల్సినదేదో ఎందుకు ఆపడం లేదు?

కంప్యూటరు ముందు కూర్చుంది. తన ప్రోగ్రామే, తను రాసిందే. చూస్తే పరాయి ఊరి బోర్డుల్లా ఉన్నాయి వరసలు. అలవాటుగా చిటికెనవేలు అల్లుణ్ణి పిలిచే మీట మీదికి పోయింది. నొక్కింది. ఏమీ రాలేదు. కాసేపయ్యాక మళ్ళీ నొక్కింది. కరెంటు పోయిందని తెలిసీ గదిలోకి వెళ్ళగానే స్విచ్చి వేసేవాళ్ళం మనం, ఆ వేలిని ఏమనగలం?

"ఏంటమ్మా, పాడైందా మీట?" అంది ఇన్‌ఛార్జి.

"మీట బాగానే ఉంది" అంది బ్రాకెట్టమ్మ. తనలో పాడైందేమిటో మాత్రం చెప్పలేదు. ఆ క్షణాన ఆవిడకి రేపటి ఆపరేషన్ల కంటే అద్దం మీద ఆగిపోయిన వేలే ఎక్కువ గుర్తొస్తోంది. ఇక్కడ కూడా సగంలో ఆగిపోతే, తేల్చుకోవడానికి ఇంకేం మిగలదు.

మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. కట్టు విప్పిన కాలితో నడిచినట్టు చదివింది. ఒక వరస చదివి కిందిది చదివేసరికి పైది మర్చిపోయేది. మళ్ళీ వెనక్కి. నుదురు పట్టేసింది. ఇన్‌ఛార్జి టీ తెచ్చిపెడితే అది చల్లారిపోయింది. వదినలూ మరుదులూ ఒక్కొక్కరే కనిపిస్తుంటే మెల్లగా గుర్తుపట్టింది. అక్క ఉంది. బాబాయి ఉన్నాడు. అత్త ఉంది, యథాప్రకారం కళ్ళద్దాలు సవరించుకుంటూ తప్పులు వెతుకుతోంది. ఆవిణ్ణి చూసి నవ్వొచ్చింది కూడా.

నవ్వు సగంలో ఆగింది. ఇంట్లో అత్త ఉండి పిన్ని లేకపోవడమేమిటి?

పై నుంచి కిందకీ, కింద నుంచి పైకీ వెతికింది. పిన్ని లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. కొన్ని నెలల కిందట మేనేజరు పాత ప్రోగ్రాములన్నీ ఆఫీసులోనే శుభ్రం చేయించి, కొత్త ప్రతుల్ని ఎక్కడివక్కడ ఎక్కించమన్నాడు. అల్లుడు ఒక్కొక్క ముక్కకీ గంభీరంగా అర్థం చెప్పుకుంటూ వచ్చాడు. అత్త అంటే అటాచ్‌మెంట్లు చూసేదన్నాడు. అక్క అంటే అక్నాలెడ్జిమెంటు అన్నాడు. బాబాయి అంటే బై-బై, ముగింపు పలికేది అన్నాడు. అక్క విషయంలోనూ బాబాయి విషయంలోనూ గుడ్డివాడి రాయి తగిలినట్టు అది నిజమే అయి కూర్చుంది. ఆ తర్వాత, "ఈ 'పిన్ని' అనే భాగం వినియోగదారుల పిన్ నంబరును సరిచూస్తుంది. దీన్ని ఎవరూ పిలుస్తున్నట్లు లేదు. ప్రస్తుతం అవసరం లేదు కాబట్టి తొలగించమంటారా?" అన్నాడు.

ఆవిడ ఊఁ అంది.

నిన్న మొన్న పుట్టిన అల్లుడికి చుట్టరికాలు తెలియకపోవడం వింత కాదు. కానీ తను! పెంచిన పిన్నిని పిన్ నంబరు అంటే ఊఁ కొట్టింది. బ్రాకెట్టమ్మ చెయ్యి దానంతట అదే నడినెత్తి మీదికి వెళ్ళింది, అక్కడ ఏదో తగిలినట్టు.

"తలనొప్పా?" అంది ఇన్‌ఛార్జి.

"ఆఁ. పాతదే."

పిన్నిని మళ్ళీ రాయాలి. పాత ప్రతి ఆఫీసులో ఉంది గానీ, దానికోసం మెట్లెక్కితే అల్లుడు ఎదురొస్తాడని ఆవిడకి తెలుసు. అతన్ని కాదని పక్కనుంచి వెళ్ళేంత నమ్మకం తన మీద తనకి లేదు. అందుకని అక్కడే కూర్చుంది. మూట వెనక్కి వచ్చిన ప్రతిసారీ లెక్కపెట్టు, మూడోసారి వస్తే వదిలెయ్. రాసింది. నడిపించింది. యంత్రం గుటకలు మింగి, దుప్పట్లని ఆరబెట్టే వైపు ఉమ్మేసింది. ఇన్‌ఛార్జి చప్పట్లు కొట్టింది.

చప్పట్లు ఎంతోసేపు లేవు. "ఓ ప్రోగ్రామమ్మా! ఇటు రండి. ఇప్పుడేమో రక్తం మరకలున్నవి కూడా పంపించేస్తోంది! ఇందాక చస్తే వదిలేది కాదు, ఇప్పుడు అడక్కుండానే వదిలేస్తోంది. మీ దగ్గర మధ్యరకం ఉండదా?"

బ్రాకెట్టమ్మ మళ్ళీ కూర్చుంది. వేలు మీట మీదికి పోబోయి, తనే సిగ్గుపడి వెనక్కొచ్చింది. కళ్ళు మూసుకుంది. ఒక మూట వచ్చింది, వెనక్కెళ్ళింది, మళ్ళీ వచ్చింది. లెక్క పెరిగింది. తర్వాత ఇంకో మూట వచ్చింది. దాని లెక్క ఎక్కడ? ఎక్కడా లేదు. ముందు మూట లెక్కే దీని నెత్తిన పడింది. అందరికీ కలిపి ఒకే లెక్క రాసింది తను. ఒక పిల్ల స్నానాలు ఇంకో పిల్ల ఖాతాలో వేస్తే మురికిపిల్ల దర్జాగా బయటికొచ్చేస్తుంది. పిన్ని ఏనాడూ అలా చెయ్యలేదు. ఎవరి చెవి వెనక చూడాల్సింది వాళ్ళదే చూసి వదిలేది.

"అబ్బ!" అంది బ్రాకెట్టమ్మ పైకే. తప్పు చేసినందుకు అంత ఆనందం ఆవిడకి ఈమధ్యకాలంలో కలగలేదు. తప్పు తనదే, దొరికించుకున్నదీ తనే. ఏ మూటకి ఆ మూట లెక్క విడిగా ఉండేలా మార్చింది. మళ్ళీ నడిపించింది. ముద్రలున్న దుప్పట్లు మూడో విడతకి బయటపడ్డాయి, మరకలున్నవి ఉతుక్కోవడానికి వెనక్కెళ్ళాయి. ఇన్‌ఛార్జి ఈసారి చప్పట్లు కొట్టలేదు. ఒక్కొక్క దుప్పటీ విప్పి, వాసన చూసి, అన్నీ అయ్యాక, "ఊఁ" అంది. చూసి అన్న ఊఁ అది.

మెట్లెక్కి పైకి రాగానే బ్రాకెట్టమ్మ ముందు పిన్నికి ఫోను చేసింది.

"ఏమే, బతికున్నావా? ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?"

"పిన్నీ, నిన్ను తీసేశానే."

"ఎక్కణ్ణించే?"

"ఆస్పత్రి దుప్పట్లలోంచి. మళ్ళీ పెట్టేశాన్లే."

"అత్తయ్యని తీశావా?"

"లేదు, ఆవిడుంది."

"ఆవిడెక్కడికి పోతుందిలే" అని నిట్టూర్చింది పిన్ని. "సరే, చాల్లే. ఇక వదిలెయ్."

ఆఫీసుకొచ్చి, రాసింది అల్లుడికి చూపించింది. అతను ఎప్పట్లాగే పరవశించిపోయాడు. "అద్భుతంగా ఉంది! ఒక చిన్న సూచన. 'పిన్ని' అనే పేరు అక్షరదోషంలా ఉంది. 'పిన్' అని సరిచేయమంటారా?"

"ఊహూఁ" అని టైపు చేసింది ఆవిడ. ఆ మీటలు నొక్కడం కొత్తగా, కాస్త కష్టంగా ఉంది. తర్వాత ఇంకో చిన్న పని అప్పగించింది. అతను చేసినదాన్ని వరస వరసా చదివింది. అందులో తప్పేమీ దొరకలేదు. దొరకనందుకు కొంచెం కోపం కూడా వచ్చింది.

మేనేజరు నివేదిక అడిగాడు. ఆవిడే కూర్చుని రాసింది. చదవకుండా ఒప్పుకున్నది తనే అని, తప్పు తనదే అని రాసింది. రాస్తూ రాస్తూ మధ్యలో చెయ్యి ఊరుకోక ఒక వాక్యం చేర్చింది: "అప్పుడు రాజుగారు తల తీసి జేబులో పెట్టుకుని అడవికి బయల్దేరారు." పంపేసింది.

ఆవిడ కుర్చీలోంచి లేచే లోపే జవాబొచ్చింది. "సమగ్రమైన నివేదికకు ధన్యవాదాలు. మీ నిజాయితీ అభినందనీయం. రాజుగారి తల అంశాన్ని రేపటి సమావేశంలో చర్చిద్దాం."

మర్నాడు సమావేశంలో గోడ మీద తెర వెలిగింది. మూడో అంశంగా నిజంగానే ఉంది: 'రాజుగారి తల: ప్రస్తుత స్థితి, బాధ్యులు.' మేనేజరు తెరని చూసి చదివాడు.

"తర్వాతిది, రాజుగారి తల. దీని మీద ఎవరు పనిచేస్తున్నారు?"

గదిలో అందరూ తలలు వంచి తమ తమ తెరల్లోకి చూసుకున్నారు. ఒకతను గొంతు సవరించుకుని, "నడుస్తోంది సార్" అన్నాడు.

"ఊఁ. గుడ్. ఈ వారంలో అయిపోతుందా?"

"అయిపోతుంది సార్. జేబు ఒక్కటే పెండింగ్."

బ్రాకెట్టమ్మ టీ కప్పు పట్టుకుని లేచింది. చాలా రోజుల తర్వాత ఒకరి వెనక నిలబడింది. కుడిచేతి నడిమి వేలు మడత పడి సిద్ధంగా ఉంది.

"సార్, చిన్న సందేహం. తల జేబులో పెట్టుకుంటే, కిరీటం ఎక్కడ పెట్టుకున్నాడంటారు?"

మేనేజరు తలతిప్పి ఆవిణ్ణి చూశాడు. తెరని చూశాడు. అతని చిటికెనవేలు ఆ మీట వైపు పాకింది. ఆవిడకి బాగా పరిచయమున్న పాకుడే. వేలికీ మీటకీ మధ్య టీ కప్పు పెట్టింది.

"అల్లుణ్ణి అడక్కండి. మీరు చెప్పండి."

అతను అంశాన్ని మళ్ళీ చదివాడు. పెదవులు కదిలాయి. మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. గదిలో ఎవరూ ఊఁ అనలేదు. కాసేపటికి అతను నుదురు రుద్దుకుంటూ, పరీక్షలో పక్కవాడి కాగితం కనబడని పిల్లాడిలా, తనంతట తనే ఒక మాట అన్నాడు.

"ఇంకో... ఇంకో జేబులోనా, మేడమ్?"

బ్రాకెట్టమ్మ మడిచిన వేలు మెల్లగా విప్పింది.

"జేబులో కిరీటం పడుతుందా బాబూ? ముందు జేబెంతో చూసుకోవద్దూ?" అంటూ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది.